సూదిపిట్టల పొద

మానవజాతి చరిత్ర రాసినవాళ్ళు నిప్పు ఎప్పుడు పుట్టిందో, చక్రం ఎప్పుడు దొర్లిందో ఎంతో శ్రమపడి తేల్చారు. కాని ఒక మనిషి నడుస్తూ నడుస్తూ చటుక్కున ఆగి కుడిచేతి చూపుడువేలు గాల్లోకి లేపే ఆచారం ఎప్పుడు మొదలైందన్న సంగతిని మాత్రం ఎందుచేతనో వదిలేశారు. ఇది చిన్న లోపం కాదు. ఆ వేలు లేచిందంటే దాని వెనక నడుస్తున్న చదువుకున్నవాళ్ళంతా, ఒంటికాలి మీదున్నవాళ్ళు ఒంటికాలి మీదే, తుమ్మబోతున్నవాళ్ళు తుమ్ము మింగేసి, నిలబడిపోయేవారు. సింహాసనాలెక్కినవాళ్ళలో ఎందరి వేలికి అంతటి శాసనబలం ఉండేదో చెప్పడం కష్టం. వేలు లేచిన కాసేపటికి చెట్లలోంచి ఒక కూత వినపడేది. వేలు మెల్లిగా ఆ కూత వైపు తిరిగేది. కెమెరాలన్నీ వేలు వైపు కాకుండా కూత వైపు తిరగడానికి మాత్రం అతిథులకి ఒక పూట తర్ఫీదు కావలసి వచ్చేది.

ఆ వేలు గల మనిషిని విడిదిలో అందరూ చెవులాయన అనేవారు. ఆయన చెవులు పెద్దవి కావు, నిలువుగానూ ఉండవు. వాటితో ఆయన చేసే పని అలాంటిది.

విడిది ఊరికి దూరంగా ఒక మడుగు పక్కన ఉంది. కొయ్య గదులు వరసగా, వాటి ముందు వసారా, వెనక వంటిల్లు. శుక్రవారం సాయంత్రం అతిథులు దిగేవారు, ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోయేవారు. పిట్టలకి కనపడకుండా ఉండాలని ఆకుల రంగు బట్టలు వేసుకుని, ఆ బట్టలు ఎక్కడ కొన్నారో ఒకరికొకరు గట్టిగా చెప్పుకునేవారు. పొద్దున్న పిట్టల నడక, పగలు ఫోటోలు తీయడం మీద పాఠాలు, సాయంత్రం మళ్ళీ నడక. పాఠాలు చెప్పడానికి పట్నం నుంచి ఎవరో ఒకరు వచ్చేవారు. నడక మాత్రం చెవులాయనదే. వంట ఆయన భార్యది. ఆవిడని అందరూ వంటావిడ అనేవారు. మేనేజరు కుర్రవాడు గనక ఆయన్ని బాబాయ్ అని, ఆవిడని పిన్ని అని వరస కలుపుకున్నాడు. జీతం పెంచమన్నప్పుడు ఆ వరస మరీ గట్టిగా కలిపేవాడని వంటావిడ అనేది.

చెవులాయన పుట్టుకతో పిట్టల మనిషి కాడు. వయసులో ఉండగా టెలిఫోను లైన్‌మన్. స్తంభమెక్కి, నడుముకి పటకా బిగించి, తీగకి రిసీవరు తగిలించి, ఏ లైను బాగుందో ఏది చెడిందో గరగరని బట్టి చెప్పేవాడు. పైన కూర్చున్నంతసేపూ చుట్టూ పిట్టలే. లైను కలిసేలోపల ఏం తోచక వాటిని వినేవాడు. ఏది తిడుతోందో, ఏది పిలుస్తోందో, ఏది ఊరికే పొద్దుపోక కూస్తోందో తెలిసిపోయింది. ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పేవాడు. "స్తంభం మీద మీరు చేసే ఉద్యోగం ఇదా" అనేది ఆవిడ.

తర్వాత తీగల టెలిఫోన్ల కాలం పోయింది. స్తంభాలు పీకేశారు. ఆయన్ని పీకలేదు గాని, ఆఫీసులో ఒక కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కొన్నాళ్ళకి ఆ కుర్చీ కూడా తీసేశారు. ఆ చలికాలమంతా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. జబ్బేమీ లేదు. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే ఊఁ అనేవాడు, మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. వంటావిడ తన జీవితంలో చూసిన వాటన్నిటిలోనూ ఆ వీపే భయంకరమైనది. విడిదికి వంటమనిషి కావాలని తెలిసి ముందు తను చేరింది, తర్వాత ఆయన్ని లాక్కొచ్చింది. వచ్చిన రెండో రోజున కూరలు మోస్తున్న మనిషి నడవాలో ఆగి వేలు ఎత్తాడు. పక్కనున్న అతిథి ఎవరో అటు చూశాడు. తలుపు మీద లకుముకి పిట్ట. అంతే, ఆ రోజు నుంచి కూరలు ఇంకెవరో మోశారు.

అందుకని, చెవులాయన చెవులు పోతున్నాయన్న సంగతి మొదట పసిగట్టిన రోజున వంటావిడకి గుర్తొచ్చింది చెవులు కాదు, ఆ వీపు.

భోజనాల దగ్గర ఆయన చేతి గడియారం ఆయన చేతి మీదే కీచుకీచుమని మొత్తుకుంటోంది. ఆయన చారు చల్లారిందంటున్నాడు.

"ముందు ఆ గడియారం నోరు మూయించండి" అంది.

"ఏ గడియారం?" అన్నాడు.

ఇద్దరూ ఆ గడియారాన్ని చాలాసేపు చూశారు. అది తనంతట తనే ఆగింది. ఆగిన సంగతి కూడా ఆవిడే చెప్పవలసి వచ్చింది.

చెవుల డాక్టరు ఆయన్ని ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, ఏవేవో మోగించి, బయటికొచ్చి చాలా సంతోషంగా చెప్పాడు. "మీ వయసుకి భేషుగ్గా ఉన్నాయండీ. మాటలు శుభ్రంగా వినపడుతున్నాయి. సన్నటి శబ్దాలు పోయాయి. అవి అందరికీ పోతాయి. పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. మాటలు వినపడ్డాక ఇంకేం కావాలి?"

"పిట్టలు కావాలండి" అన్నాడు చెవులాయన.

డాక్టరు దాన్ని హాస్యం కింద జమకట్టి నవ్వాడు. కావాలంటే చెవిలో మిషను పెట్టుకోవచ్చన్నాడు. అది చెవి వెనక కనపడుతుందని తెలిశాక ఆయన వద్దన్నాడు. చెవులాయన చెవికి మిషను తగిలించుకుని నడక ముందు నడవడమంటే, ఈతగాడు పీపా కట్టుకుని పందెంలో దిగినట్టే.

తిరుగు బస్సులో వంటావిడ, "పోయేవేవో నా మాటలు పోకూడదూ? మీ ప్రాణం సుఖపడేది" అంది.

"నీది బొంగురు గొంతుట. అది చివరిదాకా ఉంటుందన్నాడు డాక్టరు."

"ఆయన అలా అన్లేదు."

"నాకలా వినపడింది."

ఇద్దరూ నవ్వారు. 

తర్వాత కొన్నాళ్ళు ఆయన జ్ఞాపకంతో నెట్టుకొచ్చాడు. పిట్టలు మనలాంటివి కావు, అలవాట్లు సులువుగా మానవు. ఏ కాలంలో ఏ కొమ్మ మీద ఏది కూస్తుందో ఆయనకి తెలుసు. అక్కడికి రాగానే వేలు ఎత్తేవాడు. పదిసార్లకి ఎనిమిదిసార్లు కూసేవి. కూయని రెండుసార్లు కూడా ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అతిథులు విన్నారు. ముఖ్యంగా జేబులాయన. ఈయన తరచూ వచ్చే అతిథి, పెద్ద కంపెనీలో లెక్కల అధికారి, ఒంటి మీది కోటుకి గుండీల కంటే ఎక్కువ జేబులుండేవి. వేలు లేస్తే చాలు, ఆయన కళ్ళు మూసుకుని, తల పక్కకి వంచి, "ఆహా" అనేవాడు. పక్కవాళ్ళకి వినపడకపోయినా, తమకి ఒక్కరికే వినపడలేదని చెప్పుకోవడం నామోషీ గనక వాళ్ళూ "ఆహా" అనేవారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. మర్యాదస్థులు నలుగురు చేరిన చోట నిజం చెప్పే సందు దొరకలేదు, అంతే.

కాని అలా ఎంతకాలం? అందుచేత వంటావిడ ఒక పద్ధతి పెట్టింది. నడకలో టీ ఫ్లాస్కులు, బిస్కెట్లు ఉన్న బుట్ట పట్టుకుని ఆయన వెనకే నడిచేది. కుడివైపు పిట్ట కూస్తే ఆయన కుడి మోచేయి తట్టేది. ఎడమవైపైతే ఎడమ మోచేయి. సన్నగా ఒకసారి కూస్తే ఒకసారి, వరసగా కూస్తే రెండుసార్లు. ఏ పిట్టో చెప్పవలసిన అవసరం లేదు. చోటు, కాలం, వైపు తెలిస్తే మిగతాది ఆయనకి తెలుసు. వంటింట్లో సాధన చేసేవారు. కొన్నిసార్లు సాధన తగువులోకి దిగేది.

"మొన్న తంగేడు దగ్గర ఎడమ మోచేయి తట్టావు చూడు, అది ఏ పిట్ట?"

"పిట్ట కాదు. దోమ. మీ చేతి మీద వాలితే కొట్టాను."

"మరి నేను వేలు ఎత్తానే."

"ఎత్తారు. జేబులాయన ఆహా అన్నాడు కూడా."

అతిథులు ఆవిడ పతిభక్తికి ముచ్చటపడేవారు. ఈ వయసులో కూడా అడుగు వదలకుండా వెంట నడుస్తోందని ఒకావిడ ఇద్దరికీ ఫోటో తీసింది. ఫోటోలో వంటావిడ చెయ్యి ఆయన మోచేతి మీద ఉంది. కళ్ళు మాత్రం చెట్టు మీదెక్కడో ఉన్నాయి.

ఆవిడ నేర్చుకోవడానికి అన్నిటికంటే కష్టపడ్డది సూదిపిట్ట దగ్గర. బొటనవేలంత పిట్ట, ఎండుటాకు రంగు. పుస్తకంలో దానికి పొడుగాటి పేరుంది. భార్యాభర్తలిద్దరూ సూదిపిట్ట అనేవారు, దాని కూత సూదిలా సన్నం గనక. ఆయన చెవుల్లోంచి అన్నిటికంటే ముందు పోయింది అదే. మడుగు ఒడ్డున దట్టమైన ముళ్ళపొద ఒకటుండేది. చెయ్యి దూరదు, చూపు కూడా దూరదు. సూదిపిట్టలు అందులోనే ఉండేవి. ఏటా అక్కడే గూడు కట్టేవి. కళ్ళకి దొరికే పిట్ట కాదు. ఉందో లేదో తెలియాలంటే వినాలి.

విడిదిలో కొమ్మలు కొట్టడానికి ఒక కట్టుబాటుంది. అది పెట్టింది చెవులాయనే. చాలా ఏళ్ళ క్రితం తోటమాలి కంచె కత్తిరిస్తూ గుడ్లున్న గూడొకటి కత్తిరించేశాడు. చెవులాయన ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మేనేజరు గదికి వెళ్ళి, ఇకమీదట ఏ పొదకి కత్తి తగలాలన్నా ముందు తను తెల్లారగట్ల అక్కడ నిలబడి విని, ఖాళీ అని చెప్పాలన్నాడు. చెప్పేదాకా కత్తి లేవకూడదు. మేనేజర్లు మారారు, తోటమాలులు మారారు. "చెవులాయన విని చెప్పాడా?" అన్న మాట మాత్రం మారలేదు.

*

ఆ ఏడాది పిట్టలు గూళ్ళు కట్టే కాలంలో గదులకి రంగులు వేయించడానికి విడిదిని కొన్ని వారాలు మూశారు. సరిగ్గా అప్పుడే వంటావిడ అక్కగారికి మోకాలి ఆపరేషను పడింది. అక్కకి తోడెవరూ లేరు. అతిథులు లేరు, నడకలు లేవు, మోచేతులతో పనిలేదు. వంటావిడ వెళ్ళింది.

తర్వాత జరిగినది ఆవిడకి ముక్కలు ముక్కలుగా తెలిసింది.

అతిథులు వెళ్ళేటప్పుడు మంచీ చెడ్డా రాసిపోయే అలవాటుంది. ఫోటోలు తీసుకోవడానికి చాటు లేదని చాలామంది రాశారు. మడుగు ఒడ్డున ఒక చాటుగది కట్టిస్తే, సన్నటి కిటికీల్లోంచి లెన్సులు బయటపెట్టి, నీళ్ళ మీద వాలే పిట్టల్ని దగ్గరగా తీసుకోవచ్చని మేనేజరుకి తోచింది. ఒడ్డంతా కొలిచి చూస్తే అందుకు కుదిరిన చోటు ఒక్కటే. అక్కడ ముళ్ళపొద ఉంది.

"బాబాయ్, ఆ పొద ఒక్కసారి విని చెప్పవూ" అన్నాడు.

చెవులాయన విన్నాడు. మొక్కుబడికి వినలేదు. తెల్లారగట్ల వెళ్ళి, మంచులో నిలబడి, పొదకి చెవి ఆనించేంత దగ్గరగా విన్నాడు. మర్నాడు విన్నాడు. ఆ మర్నాడు కూడా విన్నాడు. ఒడ్డుకి నీళ్ళు తగులుతున్నాయి. దూరంగా కొంగ అరిచింది, కాకి అరిచింది. పొదలోంచి ఏమీ లేదు. తోటమాలి చూసి చెప్పాడు, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, ఎవరో చెప్పబోయే మాట కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడని.

మూడోరోజు సాయంత్రం ఆయన వంటావిడకి ఫోను చేశాడు. అక్క మోకాలి గురించి అడిగాడు. కుట్ల గురించి అడిగాడు. కర్ర పట్టుకుని నడుస్తోందా అని అడిగాడు. అంత శ్రద్ధగా ఆయన వంటావిడ మోకాలి గురించి కూడా ఎప్పుడూ అడగలేదు.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు.

"కుట్లు విప్పాక. ఫ్రిజ్‌లో అన్నీ పెట్టొచ్చానుగా, వేడి చేసుకు తినండి."

"అది సరే. ఎప్పుడొస్తావు?"

"చెప్పాగా. ఏం, పెళ్ళాం లేకపోతే పొద్దుపోవడం లేదా ఇన్నాళ్ళకి?"

ఆయన నవ్వాడు. పెట్టేసేముందు మళ్ళీ ఒకసారి ఎప్పుడొస్తావని అడిగాడు. ఆవిడ దాన్ని అక్కకి చెప్పి మురిసింది.

అప్పుడే అడిగి ఉండవచ్చు. వచ్చి పొద విని పెట్టమని ఒక్కమాట అంటే, ఆవిడ కుట్లతో సహా అక్కని బస్సెక్కించుకుని వచ్చేది. కాని పనివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇంకా ఎందుకాగాలని మేనేజరు అడిగితే ఏం చెప్పాలి? వంటావిడ వస్తే గాని పొద ఖాళీయో కాదో తేలదని చెప్పాలా? దానికి చెప్పగలిగిన జవాబు ఒక్కటే ఉంది. ఆ జవాబు చెప్పాక ఇక ఆయన చెవులాయన కాడు.

మర్నాడు పొద్దున్న మేనేజరు, "ఏం బాబాయ్, ఖాళీయేనా?" అన్నాడు.

"ఖాళీయే" అన్నాడు చెవులాయన.

*

వంటావిడ బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, మడుగు పక్క దారిలో వస్తోంది. చూడడం కంటే ముందు విన్నది. సన్నగా, గబగబా, ఊపిరి తీసుకోకుండా. ఒకటి కాదు, రెండు. ఇది కూత కాదని, పిలుపు కాదని ఆవిడకి తెలుసు. అలా తెలియడానికి చదువక్కర్లేదు. సంచి దించి అటు చూసింది. పొద లేదు. నేల మట్టానికి మొద్దులున్నాయి. వాటి వెనక కొత్త చెక్క వాసన కొడుతూ ఒక గది ఉంది. గది ముందు చెవులాయన నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, సంతోషంగా ఆవిడ కోసం చూస్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర మొద్దు మీద సూదిపిట్ట అరుస్తోంది.

"ఎలా ఉంది?" అన్నాడు గదిని చూపించి.

ఆవిడ గదిని చూసింది. "బాగుంది" అంది.

"అదేమిటి, అలా ఉన్నావు?"

"బస్సులో తల తిప్పింది."

ఆయన సంచి తీసుకుని ముందు నడిచాడు. ఆవిడ వెనక నడిచింది. ఆయన మోచేయి ఆవిడ చేతికందే దూరంలోనే ఉంది. తట్టలేదు.

వంటింట్లోకి వెళ్ళి కిటికీలు మూసింది. మూసినా వినపడింది. గిన్నెలు బోర్లించిన చోటునుంచి తీసి మళ్ళీ కడిగింది. ఆయన తోటమాలితో మాట్లాడ్డానికి వెళ్ళాక, చీపురు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. మొద్దుల చుట్టూ చీపురు ఆడిస్తూ, "పొండమ్మా, పొండి. ఇక్కడేం లేదు, పొండి" అంది. అవి ఎగిరి పక్క మొద్దు మీద వాలాయి. ఒకదాని నోట్లో పచ్చటి పురుగుంది. దాన్ని ఎవరికి పెట్టాలో తెలియక అటూ ఇటూ గెంతుతోంది. ఆవిడ చీపురు కింద పడేసి, అక్కడే కాసేపు కూర్చుంది.

నరికిన ముళ్ళన్నీ షెడ్డు వెనక కుప్ప పోశారు. చేతులు గీరుకుంటున్నా వెతికింది. గూడు దొరికింది. పిడికిట్లో పట్టేంత గూడు, నారతో అల్లింది. ఉల్లిమడి చివర చిన్న గొయ్యి తవ్వి, అందులో పెట్టి, మట్టి కప్పింది. అందులో ఏముందో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చేతికి ఆ గీతలేమిటని ఆయన అడిగితే, అక్క పిల్లిని పెంచుతోందని చెప్పింది.

విడిది తెరిచేది ఆ శుక్రవారమే. సూదిపిట్టలు ఎన్నాళ్ళు ఏడుస్తాయో ఆవిడకి తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, అతన్ని అడగడానికి లేదు. శనివారం లోపల ఆగిపోతే చాలు. పిట్టలకి వేరేచోటు దొరుకుతుంది, పొదకేముంది, మొద్దులు మళ్ళీ చిగురిస్తాయి, ఆయనకి ఈ సంగతి ఏనాటికీ తెలియనక్కర్లేదు. గురువారం అరిచాయి. శుక్రవారం అరిచాయి.

*

శనివారం పొద్దున్న నడకకి చాలామంది వచ్చారు. జేబులాయన వచ్చాడు, ఈసారి జేబులకి మూతలున్న కోటుతో. కొత్తగా వచ్చినవాళ్ళలో పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది. లెన్సు ఆవిడ చేతికంటే పొడుగు. జనం చేత నోళ్ళు తెరిపించడం వృత్తి గనక, తన నోరు తెరవడానికి మొహమాటం లేని మనిషి.

వంటావిడ బుట్ట సర్దుకుంటూ, "ఇవాళ అటు కొండవైపు తీసుకెళ్ళరాదూ? గాలి బాగుంది" అంది.

"చాటుగది చూపించమన్నాడు మేనేజరు. దానికోసమే వచ్చారందరూ."

"రేపు చూపించవచ్చుగా."

"నీకేమైందే? వచ్చిన దగ్గర్నుంచీ ఆ గదంటే పడదు నీకు" అన్నాడు.

నడక మొదలైంది. దారిలో ఆవిడ రెండుసార్లు తట్టింది. రెండుసార్లూ వేలు లేచింది, రెండుసార్లూ కెమెరాలు చిటపటలాడాయి. చాటుగది దగ్గరికి రాగానే ఆయన అందరినీ అర్ధచంద్రంలా నిలబెట్టి, కొత్త గది ముందు కొంచెం ఛాతీ విరుచుకుని, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. "ఇక్కడ అలికిడి ఉండకూడదు. చూడండి, ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఈ నిశ్శబ్దంలో కూర్చుంటే లకుముకి దానంతట అదే వస్తుంది."

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన కాళ్ళ దగ్గర రెండు పిట్టలు గొంతు చించుకుంటున్నాయి. మొట్టమొదటిసారి అందరికీ నిజంగా వినపడుతోంది. కాని వేలు లేవలేదు. ఇన్నేళ్ళూ వేలు లేచాక వినడానికి అలవాటుపడ్డ జేబులాయన, వేలు లేవకుండా వినపడుతున్నదాన్ని ఏం చెయ్యాలో తెలియక ఆయన చేతివైపు చూస్తూ నిలబడ్డాడు. వంటావిడ బుట్టలో బిస్కెట్లు ఎంచుతోంది.

"గురువుగారూ" అంది పళ్ళ డాక్టరమ్మ, "ఇందాకట్నుంచీ అరుస్తోందే, అదేం పిట్టండీ?"

"ఏది?"

"అదేనండీ. మీ కాళ్ళ దగ్గర."

ఆయన కిందికి చూశాడు. మొద్దు మీద సూదిపిట్ట. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది. ఒళ్ళంతా అదురుతోంది. చప్పుడు లేదు. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి వంటావిడని చూశాడు. ఆవిడ బుట్టలోంచి మొహం ఎత్తలేదు. అదే జవాబు.

"సూదిపిట్ట అంటామమ్మా" అంది వంటావిడ, బుట్టతోనే మాట్లాడుతున్నట్టు. "ఈ కాలంలో పాడతాయి."

"పాటా? ఎంత బాగుందో" అన్నాడు జేబులాయన, ప్రాణం లేచొచ్చినట్టు. "ఆహా."

కెమెరాలు లేచాయి. చిటపట చిటపట.

"పాట కాదండి" అన్నాడు చెవులాయన. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది, పిట్ట పేరు చెప్పినట్టే చెప్పాడు. "నోట్లో పురుగుంది చూడండి. పిల్లలకి తెచ్చింది. ఇక్కడ పొద ఉండేది. గూడు అందులో ఉండి ఉంటుంది. పొద కొట్టొచ్చని చెప్పింది నేనే."

చిటపటలు సాగుతూనే ఉన్నాయి.

"వినే చెప్పాను" అన్నాడు. "నాకు వినపడదు. రెండేళ్ళయింది."

చిటపటలు ఒక్కొక్కటే ఆగాయి. జేబులాయన ఒక జేబు తెరిచి, అందులో ఏమీ తీసుకోకుండా మూశాడు. "అబ్బే, మీరు మరీను గురువుగారూ. మీకా?" అన్నాడు.  పళ్ళ డాక్టరమ్మ కెమెరాకి మూత పెట్టింది. వంటావిడ టీ పోయడం మొదలుపెట్టింది. ఆ సమయంలో టీ తాగే కార్యక్రమం లేదు, అయినా అందరూ తాగారు. తాగుతున్నంతసేపూ పిట్టలు అరుస్తూనే ఉన్నాయి. అది వినపడనివాడు ఒక్కడే. అందరిలోకీ కదలకుండా, చెవి ఒగ్గి నిలబడ్డవాడూ ఒక్కడే.

*

ఆదివారం అతిథులు వెళ్ళిపోయాక ఇద్దరూ వసారాలో కూర్చున్నారు.

"నువ్వొచ్చిన రోజునుంచీ అరుస్తున్నాయా?"

"ఊఁ."

"అంతకుముందు కూడా అరిచే ఉంటాయి."

"ఉంటాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పొద మొలుస్తుందా?"

ఆయన చెప్పుల వైపు చూస్తూ, "పొద దగ్గర మూడు పొద్దులు నిలబడ్డాను" అన్నాడు. "వినపడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని నాకు తెలుసే. తెలిసే ఖాళీ అన్నాను."

ఆవిడ మెల్లిగా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇప్పుడు అరుస్తున్నాయా?" అన్నాడు.

ఆవిడ విన్నది. నీళ్ళు వినపడుతున్నాయి, గాలి వినపడుతోంది. మధ్యాహ్నం నుంచీ ఆ అరుపు లేదు. "లేదు. ఆపేశాయి" అంది.

ఆయన తలాడించాడు. ఆయన తరఫున రెండేళ్ళుగా ఆవిడ చేతులతో ఎన్నో అబద్ధాలు ఆడింది. ఇది నోటితో చెప్పిన నిజం. ఆయన నమ్మలేదని ఆవిడకి తెలిసింది. నమ్మించే దారి కూడా లేదు, ఎందుకంటే దానికి ఆయనే వినాలి.

మేనేజరు మంచివాడు. చెవుల సంగతి తెలిసి చాలా బాధపడ్డాడు, తర్వాత నడకల సంగతి తలుచుకుని ఇంకా బాధపడ్డాడు. "నువ్వు ముందు నడువు చాలు బాబాయ్. పిన్ని ఉందిగా. ఎవరడుగుతారు?" అన్నాడు. నిజంగానే ఎవరూ అడిగేవారు కారు. చెవులాయన మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు నడక ముందు ఎవరూ నడవరు. కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పే యంత్రం ఫోన్లలోనే వచ్చిందట, అతిథులు ఫోన్లు పైకెత్తి పట్టుకుని నడుస్తారు. కొమ్మలు కొట్టే ముందు విని చెప్పడం వంటావిడ పనైంది. పొయ్యి ముట్టించే ముందు వెళ్ళి విని వస్తుంది. ఆయన గదుల్లో దుప్పట్లు మారుస్తాడు, బల్బులు మారుస్తాడు, ఎవరైనా పలకరిస్తే పలుకుతాడు. మధ్యాహ్నాలు పడుకుంటాడు. ఆవిడ పని మధ్యలో వచ్చి, తలుపు సందులోంచి, ఎటు తిరిగి పడుకున్నాడో చూసి వెళ్తుంది.

చాటుగది కిటికీలు తూర్పుకున్నాయి. పొద్దున్నపూట ఎండ తిన్నగా లెన్సులో పడుతుంది. సాయంత్రం కూర్చుందామంటే, ఆ ఒడ్డున ఇప్పుడు పిట్టలు వాలడానికి పొద లేదు. ఒకటి రెండు వారాలు కూర్చుని చూసి అతిథులు మానేశారు. గడ్డి కోసే మిషను వర్షానికి తడుస్తోందని తోటమాలి అడిగితే, మేనేజరు అందులో పెట్టుకోమన్నాడు.